పాపక్క ఇంటి టీము

ఆ ఉదయం ఆకాశం కనబడలేదు. మంచు మల్బరీ తోటల మీదికి దిగి, ఎనిమిదైనా లేవలేదు. రాగి కోసిన మా మడిలో ఫుట్‌బాల్ గోలు కొయ్యకు గుంత తవ్వుతుంటే రెండో గుంత యాడ తవ్వాలో నాకే తెలియలేదు. అప్పుడు దేవేంద్ర మోటార్‌సైకిల్ చప్పుడు ముందు వచ్చింది. మనిషి తర్వాత వచ్చాడు.

బేరిగైలో ఏటా మాఘమాసంలో ఒక ఆదివారం ఫుట్‌బాల్ పోటీలు మొదలవుతాయి. పదహారు టీములు. ఒక్కో టీముకు ఊళ్ళో ఒక్కో ఇల్లు అన్నం పెడుతుంది. చీటీలో పడిన టీము ఆ ఇంటికి ఎప్పటికీ అదే. ఆటలో ఆ ఇంటివాళ్ళు దాని తరఫునే అరవాలి. తొమ్మిదేళ్ళ కిందట మా ఇంటికి హోసూరు స్టార్స్ పడింది. బంతిని ఎందుకు తంతారో అంతవరకూ తెలియని నా భార్య పాపక్కకు, ఇప్పుడు ఆఫ్‌సైడు రెఫరీ కంటే ముందు తెలుస్తుంది. దేవేంద్ర ఆ టీము కెప్టెన్. ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పని.

"అక్కా, ఈ ఆదివారం మేము రాము," అన్నాడు పాపక్కతో.

"ఏం, కాలు విరిగిందా?"

"కాలు బాగుండాది. పెద్ద టీములు నాలుగూ కలిసి హోసూరులో వేరే లీగు పెట్టుకుంటా ఉండాము. టికెట్టు, మైకు, కుర్చీలు, అన్నీ ఉంటాయి. ఏ ఏడైనా ఆ నాలుగు టీములే. ఎవురూ బయటికి పొయ్యేది లేదు."

"ఓడిపోతే?"

"ఓడినా ఉంటాము."

"మరి ఓడేది ఎందుకురా?"

దేవేంద్ర బండి హ్యాండిల్ తుడిచాడు. "యూరోపులో పెద్ద క్లబ్బులోళ్ళే అట్ల చేద్దామని అనుకుంటా ఉండారంటక్కా. పోయిన ఏడు పేపర్లో వచ్చింది."

"వాళ్ళకి అన్నం పెట్టే ఇల్లు దొరికుండదు, పాపం."

అతను నవ్వాడు. ఆ రోజు అతను కాఫీ అడగలేదు. ఈమె ఇవ్వలేదు.

మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. టీ అంగడి అశ్వత్థప్ప ఇంటి టీము బాగలూరు. అది మొదటి ఆట దాటింది ఎవరూ చూడలేదు. అతను అంగడి ముందు నిలబడి కేక వేశాడు.

"పాపక్కా! నీ కొడుకులు పెద్దింటికి ఇల్లరికం పోయినారంట కదా!"

"నీ బాగలూరోళ్ళని ఇల్లరికానికి ఎవురు తీసుకుంటారప్పా? పదకొండు మంది ఆడతారు, పన్నెండు మంది కుంటతారు."

పక్కింటి చిన్నమ్మ చేట పట్టుకుని వచ్చింది. "ఇంగ ఈ ఏడు ఎవురికి అరస్తావు పాపక్కా? మీ ఎద్దుకా?"

"అరిస్తే ఏం? మీ టీము కంటే బాగానే పరిగెత్తుతాది."

సాయంత్రం కమిటీ మోహన్‌కుమార్ వచ్చాడు. పోయిన నాలుగు టీముల చోట్లు నింపుతున్నారు. ఊత్తంగరై నుంచి ఒక టీము మొదటిసారి వస్తోంది, వాళ్ళకు ఇల్లు లేదు. "మీ ఇల్లు ఖాళీగా ఉండాది కదమ్మా," అన్నాడు.

"ఖాళీ అని నీకెవురు చెప్పినారు? నా టీము ఊరికి పోయింది, చచ్చిపోలేదు. ఒకసారి స్టార్స్‌కి పెట్టినాక ఇంకొకరికి పెట్టేది లేదు."

మోహన్‌కుమార్ నా వైపు చూశాడు. నేను గోలు కొయ్య వైపు చూశాను.

శనివారం పాపక్క నానబెట్టిన అనపగింజలు ముందేసుకుని తొక్క ఊడేలా పితుకుతూ కూర్చుంది. ఇద్దరు తినేంత పప్పు కాదు అది, పంక్తికి సరిపోయేంత. ఎవరికని నేను అడగలేదు.

ఆదివారం తెల్లవారగానే చారు కాచి దించింది. "హోసూరు పోదాము. చూసేసి వద్దాము," అంది. మొదటి బస్సెక్కాము.

మైదానం బాగుంది. గడ్డి పచ్చగా ఉంది. రెండు వందల కుర్చీలేశారు, నలభై మంది కూర్చున్నారు. ఆట మొదలైన కాసేపటికే పాపక్క లేచి, "దేవేంద్రా, రైటుకి చూడురా, రైటుకి!" అని అరిచింది. కుర్చీల్లో వాళ్ళంతా బంతిని వదిలి ఈమెను చూశారు. ఆమె కూర్చుంది. మళ్ళీ లేవలేదు.

స్టార్స్ మూడు ఒకటితో ఓడింది. విజిల్ పడగానే దేవేంద్రా, గెలిచిన టీము కెప్టెనూ ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని కూల్‌డ్రింక్ తాగుతూ వచ్చారు.

"అక్కా, వచ్చినావా! ఓడిపోయినాము," అన్నాడు నవ్వుతూ.

పోయిన ఏడు సెమీఫైనల్లో ఓడినప్పుడు ఇదే మనిషి మా వసారాలో ముద్ద మింగలేక తల వంచుకుని కూర్చున్నాడు. పాపక్క అతని ముఖం కాసేపు చూసింది.

"బాగుండావు నాయనా," అంది.

"ఉండక్కా, బిరియాని పొట్లాలు ఇస్తారు."

"మాకు బస్సుండాది."

బస్సు బాగలూరు దాటింది. ఆమె కిటికీలోంచి చూస్తూనే, "నవ్వుతా ఉండాడు. చూస్తివా?" అంది.

"చూస్తిని," అన్నాను.

మేము దిగేసరికి మా మడిలో ఊత్తంగరై ఆట సగం దాటింది. వాళ్ళ మీద అప్పటికే అయిదు గోల్సు పడ్డాయి. ఒకడి బూటు అడుగు ఊడితే సుతిలి తాడుతో కట్టుకున్నాడు. గోలు కీపరు పొడుగు మనిషి, ప్రతి బంతికీ దూకుతున్నాడు, ప్రతిసారీ ఆలస్యంగా. పాపక్క గీత పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. ఆరో గోలు పడింది. కీపరు నేల మీదే ఉండిపోయాడు.

"లేవప్పా!" అని మడి అదిరేటట్టు అరిచింది. "లేచి నిలబడు! ఇంగా టైముండాది!"

అతను లేచాడు.

అశ్వత్థప్ప అవతలి గీత నుంచి, "పాపక్కా, ఎవురికి అరస్తా ఉండావు?" అన్నాడు.

"నోరు మూసుకొని ఆట చూడు."

మిగిలిన పది నిమిషాలు గొంతు పోయేదాకా అరిచింది. ఇంకో గోలు పడలేదు. వాళ్ళు వేసిందీ లేదు. ఆట అయ్యాక ఊత్తంగరై వాళ్ళు తమ వ్యాను పక్కన కూర్చుని బన్నుల సంచి విప్పారు. కీపరు ముఖం జెర్సీలో దాచుకున్నాడు. పాపక్క పోయి ఆ సంచి మూతి మళ్ళీ కట్టింది.

"ఇవి దారిలో తినండి. ఇప్పుడు మా ఇంటికి రండి," అంది.

వేడి ముద్దలు కట్టేసరికి పొద్దు వాలుతోంది. వసారాలో రెండు వరసలుగా కూర్చున్నారు. రాగి ముద్ద, పితికిపప్పు చారు. పాపక్క వడ్డించి, ఎప్పుడూ లేనిది తనూ కంచం పెట్టుకుని కీపరు ఎదురుగా కూర్చుంది. నేను వరస చివర కూర్చున్నాను. కీపరు తల ఎత్తకుండానే ముద్ద తుంచి చారులో అద్ది మింగాడు. కాసేపటికి కంచం కొంచెం ముందుకు జరిపాడు. ఆమె ఎడమ చేత్తో గరిటె అందుకుని చారు పోసింది. అందరం తింటున్నాము.