తిరగేసి పెట్టిన కార్డు

అన్నం వడ్డించే ముందు కుమారి రెండు చేతులూ చాపాలి. అత్తగారు దానమ్మ ముందుకు వంగి వాసన చూస్తుంది. సీసం కాలిన వాసన ముక్కుకి తగిలిందా, "పో, మళ్లీ కడుక్కుని రా. ఈ కంపుచేత్తో పెడితే ముద్ద దిగుద్దా మాకు?" అంటుంది. కుమారి పెరట్లోకి వెళ్లి బట్టల సబ్బుతో తోముకుని వచ్చి, మళ్లీ చాపుతుంది. ఖాళీ కంచం ముందు కూర్చున్న ప్రకాశం, "ఇంకా ఎంతసేపే?" అని విసుక్కుంటాడు. ఆ సీసం కరిగింది తన షాపులో అతుకుల కోసమేనని అతనికి తెలుసు. తెలిసినంత మాత్రాన తల్లితో చెప్పాలని ఎక్కడుంది?

తెనాలిలో వాళ్ల ఇంటి ముందుగదే షాపు. బయట 'ప్రకాశ్ కంప్యూటర్స్' అని బోర్డు. కుమారి గుంటూరులో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివింది. ప్రకాశం బీకాం చదివి, విజయవాడలో మూడు నెలలు కంప్యూటర్ నేర్చుకుని వచ్చాడు. పెళ్లిచూపుల్లో, "అమ్మాయి చదువు మా అబ్బాయికి పనికొస్తుందండి" అని దానమ్మే అంది. పనికొచ్చింది, ఇంట్లో గ్రైండరు పనికొచ్చినట్టే. చచ్చిన మిషన్లను విప్పేది కుమారి, అతికేది కుమారి. వాటిని బల్లమీద పెట్టి, స్విచ్ వేసి, "చూశారా, వచ్చేసింది!" అనేది మాత్రం ప్రకాశం. ఎవరైనా ఆమె ఎవరని అడిగితే, "మా ఆవిడండి. ఫోన్లెత్తుద్ది" అనేవాడు.

ఆ షాపుకి పేరు తెచ్చింది ఒక కార్డు. అరచెయ్యంత ఆకుపచ్చటి అట్ట, దాని మీద నల్లటి చిప్‌లు, పైన రెండు అంకెలు వెలిగే గళ్లు. ఎనభైల్లో ఏ దేశంలోనో తయారై, మద్రాసు పాతసామాన్ల అంగట్లో ప్రకాశం కంటపడింది. తెర వెలగని కంప్యూటర్‌ని విప్పి, లోపలి ఖాళీ గాడిలో ఆ కార్డు గుచ్చి స్విచ్ వేస్తే ఎర్రటి అంకెలు గబగబా మారి ఒకచోట ఆగిపోతాయి. ఎక్కడ ఆగిందో చూస్తే జబ్బు ఎక్కడుందో తెలుస్తుంది. నోరులేని మిషను, తనకెక్కడ నొప్పో చెప్పుకోవడానికి అదొక్కటే దారి. కుమారికి ఆ కార్డంటే ఇష్టం. అడిగినదానికి నిజం చెప్పే వస్తువు ఆ ఇంట్లో ఇంకోటి లేదు మరి.

తొంభై ఆరులో ఒకనాడు అమృతలూరు నుంచి రైసుమిల్లు లక్ష్మీనారాయణ గారు తన కంప్యూటర్ పట్టుకొచ్చారు. ప్రకాశం ఆయనతో రాజకీయాలు మాట్లాడుతూ, చూసుకోకుండా కార్డుని తిరగేసి గాడిలో గుచ్చాడు. ఆ కార్డుకి అదొక్కటే లోపం, ఎటువైపు తిప్పి పెట్టినా దిగుతుంది. స్విచ్ వేశాడు. టప్పుమని పొగ లేచింది. కార్డూ పోయింది, మిల్లు ఆయన మిషనూ పోయింది.

కుమారి టీ గ్లాసులతో అప్పుడే గుమ్మంలోకి వచ్చింది. ప్రకాశం ఆమెను చూశాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"మా ఆవిడండి. ఇందాక దుమ్ము దులుపుతా దీన్ని పాడుచేసినట్టుంది. ఆడాళ్లని షాపులోకి రానిస్తే ఇంతేనండి."

"ఎంత పని చేశావమ్మా!" అన్నారు లక్ష్మీనారాయణ గారు.

"తప్పయిపోయింది బాబాయి గారూ" అంది కుమారి. అని, టీ ఇచ్చింది. ఆ మాట తన నోట్లోంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందా అని తర్వాత చాలా రోజులు ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసింది.

కార్డు లేక షాపు మూలపడింది. "నువ్వు చేసిన నిర్వాకమే ఇదంతా" అని దానమ్మ రోజూ అనేది. కొడుకు చెప్పిందే ఆవిడకు నిజం. చెప్పగా చెప్పగా ప్రకాశం కూడా దాన్నే నమ్మడం మొదలుపెట్టాడు. కుమారి మాత్రం మధ్యాహ్నం ఇంట్లో అందరూ కునుకు తీసే వేళ షాపు తలుపు దగ్గరగా వేసుకుని, కాలిపోయిన కార్డు ముందేసుకుని కూర్చునేది. ఏ తీగ ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోందో మీటరుతో ఒక్కొక్కటే పట్టుకుంది. దాంట్లో ఉన్న పాత చిప్‌లు ఇప్పుడు ఎక్కడా దొరకవు. వాటిలో సగం చేసే పని, కొత్తగా వచ్చిన ఒకే ఒక్క చిప్ చేస్తుంది. అది ఖాళీగా వస్తుంది, ఏం చెయ్యాలో మనమే నేర్పుకోవాలి. మొగుడు మద్రాసు నుంచి తెప్పించే సామాన్లలో దాన్నీ, అంకెల గళ్లనూ కలిపి తెప్పించుకుంది.

ఇక అట్ట. రాగిరేకు అతికించిన పలక మీద, తీగలు ఎక్కడ ఉండాలో అక్కడ రంగు గీసి, మందునీళ్లలో వేస్తే మిగతా రాగి కరిగిపోతుంది. అంత సన్నగా గీయడానికీ, నీళ్లలో ఊడిపోకుండా ఉండడానికీ గోళ్లరంగుని మించింది లేదు. గాజుల కొట్లో ఎర్రటి గోళ్లరంగు సీసా కొనుక్కొచ్చుకుంది.

అది దానమ్మ కంటపడింది. చర్చికి తెల్లచీర తప్ప కట్టని ఇల్లు. కోడలి సంచిలో గోళ్లరంగు! "ఎవరి కోసమే ఈ సోకు?" అని వీధి వినేలా అరిచింది. "మధ్యానం తలుపేసుకుని ఏం చేస్తన్నావో అడుగుదామనే అనుకుంటన్నా." ప్రకాశం లేచి వచ్చాడు. ఏంటి, ఎందుకు అని అడగలేదు. చెంప మీద ఒక్కటి వేశాడు. ఆ తర్వాత, "ఇప్పుడు చెప్పు" అన్నాడు.

కుమారి లోపలికి వెళ్లి, ఎర్రటి గీతలతో ఉన్న రాగిపలక తెచ్చి అతని ముందు పెట్టింది. అతను దాన్నీ, ఆమె గోళ్లనూ చూశాడు. గోళ్లకు రంగు లేదు, మందునీళ్ల పసుపు మరకలున్నాయి.

"ముందే చెప్పి చావొచ్చుగా" అన్నాడు. అంతే. చెంపదెబ్బ సంగతి ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. దానమ్మ ఆ పూట చేతులు వాసన చూడలేదు, అదే క్షమాపణ కింద జమ అనుకోవాలి కాబోలు.

చిప్‌కి పని నేర్పే యంత్రం బాపట్లలో ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబులో ఉందని విని, చర్చి స్త్రీల సమాజం సభకు బాపట్ల వెళ్లినప్పుడు మధ్యలో లేచి అక్కడికి పోయింది. ల్యాబు చూసే మాణిక్యాంబ మేడమ్, కుమారి రాసుకొచ్చిన ప్రోగ్రాముని చిప్‌లో నింపి ఇచ్చి, కార్డు బొమ్మ కాసేపు చూసి, "ఇక్కడ నాకో మనిషి కావాలమ్మాయ్. హాస్టల్లో గది కూడా ఇస్తారు. వస్తావా?" అంది. సొంత గది! అయితే ప్రిన్సిపాల్ గారు ఒకటే మాటన్నారట: "ఆడపిల్ల ఇది చేసిందంటే ఎట్లా నమ్మను? ఆమె భర్త వచ్చి నా ముందు చెబితే అప్పుడు చూద్దాం."

అప్పటినుంచి కుమారికి కావలసింది మొగుడి నోటి నుంచి ఒక్క మాట.

కార్డు పూర్తయింది. పాతదానికన్నా చిన్నది, అంకెలు ఇంకా కాంతిగా ఉన్నాయి. పాతదానికి లేనిది ఇంకొకటి కూడా పెట్టింది: తిరగేసి గుచ్చినా ఇది కాలదు, మిషనునీ కాల్చదు. వెలగదు, అంతే. ఎటువైపు పెట్టాలో తెలియడానికి మిగిలిన గోళ్లరంగుతో ఎర్రటి బాణం గుర్తు వేసింది. అప్పుడు, ధైర్యం తెచ్చుకుని ప్రకాశాన్ని అడిగింది. "బాపట్ల వచ్చి ఒక్క మాట చెప్పండి చాలు."

ప్రకాశం నవ్వాడు. "ఇది నువ్వు చేశావంటే నా షాపు మొహం ఎవడు చూస్తాడే? కాలేజీ అన్నావు గదా, నేనే పోతా. వాళ్ల కంప్యూటర్లన్నీ మనమే చూసుకునేట్టు మాట్లాడతా."

కుమారి రేపల్లెలో ఉన్న తండ్రికి ఫోన్ చేసింది. ఏసుపాదం మాస్టారు బడిపిల్లలకు సమానత్వం గురించి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. అంతా విని, "ఆయన పేరూ నీ పేరూ వేరేంటమ్మా?" అన్నాడు. కుమారి ఫోన్ పెట్టేసింది.

ప్రకాశం 'ప్రకాశ్ కంప్యూటర్స్' అని మెరిసే స్టిక్కర్లు అచ్చు వేయించి, ఒకటి కార్డు మీద అంటించాడు. సరిగ్గా బాణం గుర్తు మీద. కుమారి చూసింది. చెప్పబోయింది. అంతలో అతను, "నువ్వూ రా. నా పక్కన నిలబడు. వాళ్లేమన్నా అడిగితే మెల్లిగా అందించు. గట్టిగా మాత్రం మాట్లాడమాక" అన్నాడు. ఆమె నోరు మూసుకుంది.

బాపట్లలో, ల్యాబులో ప్రిన్సిపాల్ గారు, మాణిక్యాంబ మేడమ్, ఇంకో ఇద్దరు లెక్చరర్లు. ప్రకాశం కొత్త చొక్కా వేసుకున్నాడు. "రెండేళ్లు కష్టపడ్డానండి దీని మీద" అని మొదలుపెట్టాడు. మాణిక్యాంబ కుమారి వైపు చూసి కళ్లు దించుకుంది. పాపం, ఆవిడ ఉద్యోగం ఆవిడది.

తన షాపు పేరు ప్రిన్సిపాల్ గారికి కనబడాలని ప్రకాశం స్టిక్కరు అటువైపు తిప్పి, ల్యాబులో విప్పి పెట్టిన కంప్యూటర్‌లో కార్డు గుచ్చాడు. తిరగబడింది. స్విచ్ వేశాడు. ఏమీ వెలగలేదు. మళ్లీ వేశాడు. చీకటే.

ప్రకాశం కుమారి వైపు చూశాడు. ఆ చూపు ఆమెకు బాగా తెలుసు, 'అందించవే' అనే చూపు. 'తిప్పి పెట్టండి' అంటే చాలు. అతని నుదుటి మీద చెమట పట్టడం చూసింది. ఆ చెమట ఆమెకు చల్లగా, హాయిగా అనిపించింది. ఇంత క్రూరత్వం తనలో ఎక్కడ దాగుందో! కిటికీలోంచి బయటికి చూసింది. అక్కడ ఎవరో సైకిలు తుడుచుకుంటున్నారు.

"మీరే చేశారన్నారుగా?" అన్నారు ప్రిన్సిపాల్.

"డిజైను నాదేనండి. అతుకులు మా ఆవిడ వేసింది."

"డిజైనంటే, ఈ చిప్‌లో ఏం నింపారు?"

ప్రకాశం మళ్లీ కుమారిని చూశాడు. సైకిలు తుడిచేవాడు ఇప్పుడు ముందు చక్రం దగ్గరికొచ్చాడు.

"అదీ ఈవిడే నింపించిందండి. అసలు నేను దీంట్లో వేలు కూడా పెట్టలేదండి. మొత్తం ఈవిడే చేసింది. పనికిమాలింది, నా పరువు తీయడానికే చేసింది!"

లెక్చరర్లు నవ్వు ఆపుకున్నారు. ప్రకాశం కార్డు పీకి, వరండాలోకి రాగానే కుమారి మీదికి విసిరాడు. "ఈ దరిద్రాన్ని నువ్వే ఉంచుకో. ఇంటికి పద, చెప్తా." ఆమె దాన్ని ఏరుకుని, పైటచెంగుతో తుడిచి సంచిలో వేసుకుంది.

స్టేషన్లో ఆమె టికెట్టు ఆమె చేతిలో పెట్టి, "ఆడాళ్ల పెట్టె అటు" అని చెయ్యి చూపించి, అతను ముందు పెట్టె ఎక్కేశాడు. ఇంత పరువు పోయాక ఆమె పక్కన కూర్చోవడం అతనికి ఇష్టంలేదు. తెనాలి పాసింజరు కూత వేసింది. ప్రకాశం కిటికీలోంచి ఇటు చూడకుండానే అరిచాడు.

"ఎక్కావా?"

కుమారి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. "ఎక్కానండి" అంది.

రైలు కదిలింది. ఆమె టికెట్టుని మడిచి చెత్తడబ్బాలో వేసి, కాలేజీ వైపు నడిచింది.

ల్యాబులో ప్రిన్సిపాల్ గారూ మాణిక్యాంబ మేడమూ ఇంకా ఉన్నారు. కుమారి ఎవరినీ అడగలేదు. సంచిలోంచి కార్డు తీసి, గోటితో స్టిక్కరు గీకేసింది. కింద ఎర్రటి బాణం బయటపడింది. బాణం చెప్పిన వైపు గుచ్చి స్విచ్ వేసింది. ఎర్రటి అంకెలు గబగబా తిరిగి, ఒకచోట నిలిచి వెలిగాయి.

ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు సర్దుకున్నారు. "బాగానే ఉందమ్మా. కానీ ఇది నువ్వే చేశావని మీ ఆయన వచ్చి చెప్పాలి కదా..."

"ఇందాక మీ ముందే చెప్పి వెళ్లారు కదండి" అంది కుమారి.