తొలి వేటు

“ఆకుకూర తరుగు, వంకాయ కోయి, ఎండుమిరప తుంచు, కట్టె నరుకు.” తెల్లారితే మా అత్త జక్కమ్మ నోట ఇవే మాటలు. మాటలెన్నయినా చెయ్యి ఒక్కటే, నాది. ఈ అరవనాటి రాజపాళయంలో మిల్లు కూత కూడా ఆదివారం నోరు మూసుకుంటుంది, మా కత్తిపీటకి సెలవు లేదు.

ఒక్క గుమ్మడికాయ మాత్రం నాకు దక్కదు. నిండు కాయకి ఆడది తొలి వేటు వేస్తే వంశానికి కీడట. మా ఆయన శంకరలింగం జిన్నింగు మిల్లు నుంచి వచ్చి ఒక్క వేటు వేసి చెయ్యి దులుపుకుంటాడు. ఆ తరవాత తోలు చెక్కడం, ముక్కలు కోయడం, వండడం నావి. “మగవాని చెయ్యి పడితేనే రుచి” అంటుంది అత్త, ఆ కూర తింటూ. ఒళ్ళు మండేది.

ఆ రోజు పక్కింటి ధనం గిన్నెలో గుమ్మడి కూర తెచ్చింది. మొగుడు పోయాక ఒక్కతే ఉంటోంది.

“కాయ ఎవురు కొట్టినారు ధనం?” అంది అత్త.

“నేనే కోసుకుంటిని పెరియమ్మా. ఎవురుండారు నాకు?” అని, నా మొహం చూడకుండా వెళ్ళిపోయింది.

వీధిలో ఏ మగవాణ్ణి పిలిచినా వచ్చి కొట్టి పోతాడు, అదేం తప్పు కాదు. మరి తనే కోశానని చెప్పి చూపెందుకు తిప్పుకుంది? ఈ మధ్య ఈయన ఆలస్యంగా వస్తున్నాడు, ఆకలి లేదంటున్నాడు. అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతాన్ని మధ్యాహ్నమంతా పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని వంట చేశాను.

సాయంత్రం ఆయన ఆకులో ఆ కూరే వడ్డించాను. “ధనం ఇచ్చింది. పాపం, కాయ తనే కోసుకుందట” అన్నాను.

“అదెక్కడ కోస్తాది? ఆ కాయ తోలు రాయి మాదిరి...” అని ఆగిపోయాడు.

ధనం తోలు చెక్కేసి వండింది. గిన్నెలో ఉన్నవి మెత్తటి ముక్కలే, ఆ తోలు సంగతి ఈయనకెలా తెలిసింది? నేను అత్త వైపు చూశాను. ఆవిడ తల వంచుకుంది. అంటే ఆవిడకీ తెలుసు! ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది నాకు.

మర్నాడు అటక మీది గుమ్మడికాయ దింపి కత్తి అందుకున్నాను.

“ఆగు బొమ్మీ, వాడు వచ్చి కొట్టనీ!”

“ఆయన చెయ్యి పక్కింట్లో అలిసిపోయింటాది అత్తా.”

వేటు వేశాను. కాయ రెండు చెక్కలైంది. అత్త చేట తెచ్చుకుని గింజలు ఏరసాగింది.

సాయంత్రం ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. నేను రెండే ఆకులు వేశాను, అత్తకొకటి, నాకొకటి.

“నా ఆకు యాడ?” అన్నాడు.

“అన్నం ఆరిపోతాది, తినండి అత్తా” అన్నాను.