తాతగారి ఫోనులో పన్నం

శరభయ్యగారింట్లో తెల్లవారకుండానే వేదపాఠం మొదలౌతుంది. వీధరుగు మీద నలుగురు శిష్యులు కూర్చుని వేదంలోని భాగాలు, పన్నాలు వల్లిస్తారు. ఎవరి స్వరం తప్పితే వాళ్ల నెత్తిన పైనుంచి ఒక చింతపిక్క టప్పున పడుతుంది. ఆ ఇంటి సంగతి కొత్తపేటలో అందరికీ తెలిసిందే కాబట్టి ఎవరూ తలెత్తి చూడరు. తప్పు దిద్దుకుని మళ్లీ అందుకుంటారు.

మనవరాలు శ్రీకళకి మాత్రం ఆ అరుగు మీద చోటు లేదు. ఇంటరు చదివే పిల్ల, ఒకసారి వింటే మరిచిపోదు. అయినా ఆడపిల్లలకి వేదం చెప్పడం తమ వంశంలో లేదని తాతగారు ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆయన చెప్పకపోతేనేం, ఆయన ఫోనుంది. మధ్యాహ్నం తాతగారు కునుకు తీసే వేళ శ్రీకళ దాన్ని పట్టుకుని పెరటిగదిలో దూరేది. నెట్లో ఎవరో పెట్టిన వేదపాఠాలు ఇయర్‌ఫోన్లలో వింటూ, గొంతు తగ్గించి వల్లించేది. మొదట్లో గది నిండా చింతపిక్కలే. మామ్మ మహాలక్ష్మమ్మ చీపురు తెచ్చి, ఎవరి కంటా పడకుండా చేటలోకి ఎత్తేసేది. ఫోనులో గొంతు ఎన్ని తప్పులు చదివినా పిక్క రాలేది కాదు.

"నేర్చుకునేవాళ్లకే పడతాయే ఇవి," అంది మామ్మ.

మామ్మ దాచినా ఫోను నోట్లో నువ్వుగింజ నానదు కదా. శరభయ్యగారు పంచాంగం కోసం తెరిస్తే చాలు, సగంలో ఆపిన పాఠం ఇదిగోనంటూ చూపించేది. ఒకరోజు ఆయన కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూడటం శ్రీకళ కంటపడింది. ఫోను దాచేస్తే తన చదువు అక్కడితో సరి. ఆ రోజంతా అన్నం సయించలేదు. మర్నాడు మధ్యాహ్నం ఫోను గూట్లోనే ఉంది. ఎప్పుడూ చార్జింగు పెట్టడం మరిచిపోయే మనిషి, నిండా పెట్టి ఉంచారు.

కార్తీకంలో ఒక ఉదయం, పాఠం మధ్యలో శరభయ్యగారు ఆగిపోయారు. అరవై ఏళ్లు నాలుక మీదున్న పన్నంలో తరవాతి మాట తోచలేదు. ఏదో అందుకోబోయారు. పిక్క ఆయన నెత్తినే పడింది. శిష్యులు తలలు దించుకున్నారు. తాతగారి మీద ఎంత కోపమున్నా ఆ ముఖం చూడలేకపోయింది శ్రీకళ. గుమ్మం వెనకనుంచే ఆ మాట అందించి, పన్నం చివరిదాకా చెప్పింది. ఒక్క పిక్క రాలలేదు.

"అక్కడ నిలబడితే ఎలాగమ్మా," అన్నారాయన, వెనక్కి తిరక్కుండానే. "వచ్చి నా పక్కన కూర్చో. ఇకమీదట నాకు తప్పుతూ ఉంటుంది."

పెద్ద శిష్యుడు ఆదిత్య పుస్తకం తీసుకుని పక్కకి జరిగాడు.