వెనక అట్టలో పెన్సిలు రాత

"ఆ జిగురు గిన్నె దించితే పప్పు ఎక్కిస్తా. మాకు బువ్వ ఉండినా లేకపోయినా పుస్తకాలకు మాత్రం రోజూ మైదా ఉడకాల" అంది అత్త గౌరమ్మ.

భ్రమరాంబ కొంగుతో గిన్నె పట్టుకుని దించింది. చిక్కబడిన మైదాలో చిటికెడు మైలుతుత్తం కలిపితే పుస్తకానికి పురుగు పట్టదు. కలిపేది ఆమే, పూసేది ఆమే. వేళ్ళ సందుల్లో ఆ నీలం ఎంత చింతపండు పెట్టి తోమినా పోదు. "ఆ చేత్తోనే అన్నం పెడతావా?" అని మొగుడు మహానందయ్య రోజూ ముఖం చిట్లిస్తాడు. ఆ చేత్తో పుస్తకాలు కుట్టొద్దని మాత్రం ఒక్కరోజూ అన్న పాపాన పోలేదు.

నంద్యాలలో టెక్కె దగ్గర, ఇంటి ముందు వసారాలోనే అద్దె పుస్తకాల షాపు. బోర్డు మీద మహానందయ్య పేరు ఎర్ర రంగులో ఉంటుంది, దాని కింద ప్రొప్రైటర్ అని ఇంకా పెద్ద అక్షరాలు. ఆయన పని కుర్చీలో కూర్చోవడం. వారపత్రికల్లో సీరియళ్ళు కత్తిరించి, వరుసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసి, వీపు మీద నంబరు అంటించడం తెర వెనక భ్రమరాంబ పని. పేజీలు తారుమారైతే మాటలు పడాలి కనక కుట్టే ముందు ప్రతి పేజీ చదివి చూసుకునేది. ఆళ్ళగడ్డలో ఎనిమిదో తరగతితో తెగిపోయిన చదువు అట్లా జిగురు వాసనలో మళ్ళీ అతుక్కుంది. పైకే చదివేది. పక్కన బియ్యంలో రాళ్ళేరుతున్న అత్త విననట్టే ఉండేది. కానీ కథ మంచి పట్టులో ఉన్నప్పుడు గౌరమ్మ చేటలో రాళ్ళు కదిలేవి కావు.

మహానందయ్య మాత్రం ఒక్క పుస్తకమూ చదివి ఎరగడు. చేత్తో ఎత్తి చూసి, బరువును బట్టి బాగుందనో బాగాలేదనో తేల్చేవాడు. "ఆడోళ్ళకు ఏ బుక్కైనా ఒకటేప్పా. ఇంత ఏడుపుంటే సాలు" అని పక్క బట్టల షాపు శేషయ్యతో అంటుంటే తెర వెనక భ్రమరాంబకు వినపడేది. తను కూడా ఆడదే అని ఆయనకు తోచదు. తోచినా అనకుండా ఉండడు.

డెబ్బై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం నలభై ఒకటో నంబరు పుస్తకం చదివి ముగించింది. గుండె నిండిపోయింది. ఎవరికైనా చెప్పకపోతే ఉండలేననిపించింది. ఎవరికి చెప్పాలి? మొగుడు గురక పెడుతున్నాడు. అత్త కూడా నిద్రపోయింది. వీధిలో ఎండ తప్ప మనిషి లేడు. ఇంత సంతోషం వచ్చి, చెప్పుకోవడానికి ఒక మనిషి లేకపోవడం దుఃఖం కన్నా కష్టంగా ఉంది ఆమెకు. చేతిలో ఉన్నవి జిగురు, కాగితం, నంబర్లు రాసే పెన్సిలు. వెనక అట్టలో తేదీలు వేసే కాగితం అంటించి, దాని అడుగున చిన్నగా రాసింది: "ఇది నచ్చితే 117 చదవండి. వంట ముగించుకుని మొదలుపెట్టండి. మధ్యలో లేవలేరు."

పది రోజులకు 117 తిరిగొచ్చింది. వెనక అట్టలో ఎవరిదో వంకర రాత: "చదివినా. వంట ముగించుకోకుండానే కూచున్యా. కూర మాడింది. తిట్లు పడినాయి. ఇంకొకటి చెప్పు."

భ్రమరాంబ పకపకా నవ్వింది. "ఏందీ, ఒకతే నవ్వుకుంటాండావ్? దిష్టి తీయాల్నా?" అని గౌరమ్మ గద్దించింది.

అక్కడినించి ఆగలేదు. ఆ బెత్తెడు కాగితమే ఆమెకు ఇంటి బయట దొరికిన స్థలం. ముఖాలు తెలియని ఆడవాళ్ళు అందులోకి వచ్చి కూర్చుని మాట్లాడి పోయేవారు. అడిగిన పుస్తకమే మళ్ళీ తెప్పించుకుని జవాబు చూసుకునేవారు. "మా ఆయన కంట పడకుండా చదవాల, పల్చటిది చెప్పక్కా" అని ఒకామె రాస్తే, "63. పిండి డబ్బాలో పడుతుంది" అని ఈమె. "మొగుడు చెడ్డోడైన కథలు చాలు. మంచోడున్న కథ ఉందా?" అని ఇంకొకామె అడిగితే, షాపంతా వెతికి, "ఒకటే ఉంది. 152. అందులోనూ చివర చచ్చిపోతాడు" అని రాసింది. ఒకసారి ఒక పుస్తకంలో గుండ్రటి రాత కనపడింది: "బిడ్డ పోయి నెల. ఎవురూ ఏడవనియ్యరు, ధైర్యం చెప్తారు. ఏడ్చేదానికి ఏదన్నా ఉంటే చెప్పండి." ఆ రోజు భ్రమరాంబ జిగురు మాడ్చింది. బాగా ఆలోచించి, పైకే అనుకుంటూ రాసింది: "29. నూట నలభయ్యో పేజీ కాడ తలుపేసుకో. అడిగితే కథ చదివి ఏడుస్తాండా అని చెప్పు."

షాపు కళకళలాడింది. ఇదివరకు ఏదో ఒకటి ఇమ్మని కబురు పంపేవాళ్ళు, ఇప్పుడు ఫలానా నంబరే కావాలని పంపసాగారు. "నీ సెలక్షనే సెలక్షనప్పా" అని శేషయ్య మెచ్చుకుంటే మహానందయ్య మీసం సవరించుకున్నాడు. "ఏమనుకుంటాండావ్ మరి. జనం నాడి తెలియాల." తెర వెనక భ్రమరాంబ దబ్బనం గట్టిగా పొడిచింది, అంతే.

ఆ శేషయ్యే ఒకరోజు పుస్తకం తిరిగిస్తూ నవ్వాడు. "వెనకాల రాసేది ఎవురప్పా? మా ఇంట్లో ఆ రాసేటామె మాటే మాట అయిపోయింది. నన్నడిగేవాళ్ళు లేరు."

మహానందయ్య అట్ట తిప్పి చూశాడు. ఇంకో పుస్తకం, ఇంకో పుస్తకం. మొహం మాడిపోయింది. తెర లాగి లోపలికి వచ్చాడు.

"నీకేం పుట్టిందే? ఎనిమిది చదివినదానివి నువ్వు ఊరికి చెప్పేదానివయినావా? ఈ పుస్తకాలు మొగోళ్ళ చేతికి కూడా పోతాయి. నీ రాత చూసి నన్నేమనుకుంటారు? అంతా తుడుపు."

రబ్బరు ఇచ్చి తుడిపించాడు. రెండు రోజులు పట్టింది. కూర మాడినామె పోయింది, పిండి డబ్బా ఆమె పోయింది. ఇరవై తొమ్మిది చదవమన్న రాత దగ్గర మాత్రం ఆమె చెయ్యి సాగలేదు. ఆ పుస్తకాన్ని కట్ట అడుగుకు తోసేసింది.

వారం తిరిగేసరికి గిరాకీ తగ్గింది. మహానందయ్యకు సంగతి అర్థమైంది. కానీ ఆమెను అడగడం ఆయన వల్ల ఎట్లా అవుతుంది? తనే ఎర్ర సిరా తీసి రాయడం మొదలుపెట్టాడు. ఏ పుస్తకంలో ఏముందో తెలియదు కనక సులువైన దారి పట్టాడు. పదకొండో నంబరులో "తరువాత 12 చదవండి", పన్నెండులో "తరువాత 13 చదవండి." ఎనభై ఏడులో "తరువాత 88 చదవండి." ఎనభై ఏడు ఒక ప్రేమకథ. ఎనభై ఎనిమిది పశువుల రోగాలూ, నివారణా.

భ్రమరాంబ చూసింది. చెబుదామని నోటిదాకా వచ్చింది. ఎనిమిది చదివినదానికి ఎందుకులే అని ఊరుకుంది. ఊరుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకోవాల్సి వచ్చింది.

తర్వాతి శనివారం షాపులో ఆడగొంతు ఖంగుమంది. "ఏమన్నా, ప్రేమకథ తర్వాత గాలికుంటు వ్యాధి చదవాల్నా? మా పక్కింటామె దానమ్మ నిజంగానే చదివి, బర్రెకు మందు కూడా పోసింది. బర్రె బాగానే ఉంది, దానమ్మకే కోపం తగ్గలేదు."

ఆమె సలోమి టీచరు. నంద్యాల నించి ఆళ్ళగడ్డకు బదిలీ అయింది. వారం వారం బస్సులో వచ్చి అక్కడి ఆడవాళ్ళకని సంచి నిండా పుస్తకాలు తీసుకుపోతుంది. "మునుపు పెన్సిలుతో రాసినామె ఏరి? మాకు ఆమే ఎంచియ్యాల. లేదంటే ఈ పుస్తకాలు ఇక మాకొద్దు."

"ఆమె ఎవురూ లేదు టీచరమ్మా. అది కూడా నేనే రాసినా."

"అట్లనా? ఇరవై తొమ్మిదిలో తలుపు ఎప్పుడేసుకోవాలో చెప్పన్నా."

"ఏ తలుపు?"

తెర వెనక భ్రమరాంబ చేతిలో జిగురు కుంచె అట్లాగే ఆగింది. ఇప్పుడు నోరు మెదపకపోతే ఆ బెత్తెడు కాగితం కూడా ఇక తనది కాదు. మెదిపితే సాయంత్రం ఏమవుతుందో తెలుసు. పక్కన గౌరమ్మ చేట కింద పెట్టి, కోడలి మోచేతిని వేలితో పొడిచింది. "చెప్పవేమే? నూట నలభై గదా!"

భ్రమరాంబ అత్తను చూసింది. తెర పక్కకు లాగింది. "నూట నలభయ్యో పేజీ కాడ" అంది.

సలోమి ఆమె మొహం కన్నా ముందు ఆమె నీలం వేళ్ళను చూసింది. పుస్తకాల అంచుల్లో ఆ నీలం మరకలు ఆమెకు బాగా తెలుసు. రెండు చేతులూ పట్టుకుంది. "వేసుకున్యానక్కా. రెండు దినాలు తీయలేదు. మూడో దినం లేసి తలంటి పోసుకున్యా" అంది. ఇద్దరి కళ్ళూ నిండాయి. అంతలోనే దానమ్మ బర్రె గుర్తొచ్చి ఇద్దరూ నవ్వారు. నవ్వు ఎంతకీ ఆగలేదు. వసారాలో అంత గట్టిగా ఆడవాళ్ళు నవ్వడం శేషయ్య వినడం అదే మొదటిసారి, షాపు వదిలి చూడటానికి వచ్చాడు.

"వచ్చే శనివారం నించి నేనే పుస్తకాలు తెస్తా, ఆళ్ళగడ్డకు" అంది భ్రమరాంబ. "మీ బడి వరండాలో కూచుంటా. చదివినోళ్ళు నా దగ్గరికే వచ్చి చెప్పాల, తర్వాత ఏది కావాల్నో."

మహానందయ్య కుర్చీలోంచి లేచాడు. "నువ్వు పోతే వంటెవురు జేస్తారు? షాపులో ఎవురన్నా అడిగితే నేనేం చెప్పాల?"

"వంట నేను చేస్తాలేరా" అంది గౌరమ్మ తెర వెనకనించి. "పోయినప్పుడల్లా కొత్త కథ పట్టుకొస్తే సాలు నాకు."

శనివారం పొద్దున ట్రంకుపెట్టెలో పుస్తకాలు సర్ది, బయలుదేరే ముందు భ్రమరాంబ మొగుడి చేతిలో నలభై ఒకటో నంబరు పెట్టింది. "అడిగినోళ్ళకు చెప్పాలంటే ముందు మీరు చదవాల. దీంతో మొదలుపెట్టండి. తర్వాతది వెనక అట్టలో రాసినా."

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. పెట్టె కాళ్ళ దగ్గర పెట్టుకుంది. శిరివెళ్ళ దాటేసరికి ఆమెకు నవ్వొచ్చింది. ఈపాటికి ఆయన ఒక్క పేజీ కూడా చదవకుండా పుస్తకం వెనక్కి తిప్పి ఉంటాడు. అక్కడ పెన్సిలు రాత లేదు. ఆయన ఎర్ర సిరాతోనే, మొదటిసారి కింద పేరు కూడా పెట్టి రాసింది:

"చదవకుండానే వెనక్కి తిప్పినారు గదా? మొదటి పేజీకి పోండి. — భ్రమరాంబ."