ఎత్తు కాళ్ల పీట

తుంటి ఆపరేషనైన రోగుల మోకాళ్ల నడుమ దిండ్లు పెట్టి, జారిపోకుండా గుడ్డ పట్టీలతో కడుతున్నాడు వెంకటముని. చేతులు పని చేస్తున్నాయి గానీ చూపంతా కిటికీ పక్క మంచం మీదే ఉంది. అక్కడ పడుకున్నది వాళ్లమ్మ వరదమ్మ. తుంటి విరిగింది. కాలికి కట్టిన తాడు చివర ఇటుకలు వేలాడుతున్నాయి.

తిరుపతిలో ఆ ఆసుపత్రి ఎముకల వార్డులోనే వెంకటముని జుట్టు నెరిసింది. అరచేతులు ఫినాయిలుకు పాలిపోయి, గోళ్ల పక్కన చర్మం లేచిపోయింది. విరిగిన తుంటి గుండు తీసి ఉక్కు గుండు పెట్టడం ఇక్కడ మామూలే. డాక్టరు బాలసుబ్రమణ్యం వెనకనుంచి కోస్తాడు. ఆయన రోగులు తిన్నగా నడుస్తారు, గొంతుక్కూర్చుంటే మాత్రం గుండు ఊడొస్తుందన్న భయం. పెద్దడాక్టరు పక్కనుంచి కోస్తాడు. ఆయన రోగులు కుంటుతారు, గుండు అంత తేలిగ్గా జారదు.

వరదమ్మ బతుకంతా గొంతుక్కూర్చునే గడిచింది. అలిపిరి దారిలో కట్టెల పొయ్యి ముందు జానెడైనా ఎత్తులేని పీట వేసుకుని, దోసెలు పోసి కొడుకును పెంచింది. ఆమె కుంటినా సరే, మళ్లీ ఆ పీట మీద కూర్చోవాలని వెంకటముని పట్టుదల. పెద్దడాక్టరేమో కూతురి పెళ్లికని మద్రాసు వెళ్లాడు. ఆయన వచ్చేదాకా ఆగమని వెంకటముని బాలసుబ్రమణ్యాన్ని కాళ్లావేళ్లా పడి బతిమాలాడు. ముసలివాళ్లను ఇలా పడుకోబెట్టి ఉంచితే ఊపిరితిత్తులు చెడతాయయ్యా, ఎటు కోశామన్నది తర్వాతి మాట అని బాలసుబ్రమణ్యం చెప్పి చూశాడు. వింటేనా! ఇన్నేళ్లు ఈ వార్డులో చాకిరీ చేసినవాడికి తెలియదా అనుకున్నాడు. తెలిసింది సగమే, పాపం.

నిన్నటినుంచి ఆమెకు దగ్గు. ఛాతీలో గురగుర. వెంకటముని కాలు ఒకచోట నిలవడం లేదు. వరండాలోకి పోతాడు, వస్తాడు, ఉతికిన దుప్పటినే మళ్లీ మడుస్తాడు. ఇక ఆగడం తనవల్ల కాదని మధ్యాహ్నం వడ్రంగి మునెయ్య దగ్గరికి పరుగెత్తి, అమ్మ పీటకు ఎత్తు కాళ్లు కొట్టించి తెచ్చాడు.

"అమ్మా, దీనిమీదైతే గొంతుక్కూసోబన్లే. ఎనకనుంచే కోయమని సెప్తా."

వరదమ్మ పీట వంక చూసింది. "పీట లేసింది సరే. పొయ్యి నేలమీదే ఉండాది గదరా."

"దానికీ దిమ్మె కట్టిస్తాలే."

ఆమె నవ్వబోయి దగ్గింది. ఊపిరి కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"ఇంగ దోసెలు పోసే ఓపిక నాకు యాడుండాది నాయనా. తిన్నగా నడిసి అలిపిరి కాడ తొలిమెట్టుకు పసుపు రాసొస్తే సాలనుకున్నా. నన్నెవురూ అడగలే."

నిజమే, వెంకటముని అడగలేదు. డాక్టర్లను అడిగాడు, నర్సులను అడిగాడు, కుంటుతూ ఇంటికి పోయే రోగులను కూడా అడిగాడు. అమ్మను మాత్రం అడగలేదు. పీటను మంచం కిందికి తోసి బాలసుబ్రమణ్యం గదికి పరుగెత్తి, వెనకనుంచే కోయమన్నాడు. ఆయన కోప్పడలేదు. రేపు పొద్దున మొదటి ఆపరేషను మీ అమ్మదేనన్నాడు.

ఆ మాట చెబుదామని తిరిగొచ్చేసరికి దగ్గు ఆగి ఉంది. నిద్రపట్టిందేమోనని వెంకటముని మెల్లగా నడిచాడు. దుప్పటి సర్దబోతే ఛాతీ కదల్లేదు.

నర్సును పిలిచాడు. ఆమె చూసి, అతని తలమీద చెయ్యి వేసి వెళ్లింది. అప్పుడు వెంకటముని వంగి, ఎందరికో విప్పిన చేతులతోనే అమ్మ కాలి తాడు విప్పాడు. ఇటుకలు చప్పుడు కాకుండా నేలమీద పెట్టాడు. వాటి పక్కనే పీట. పైచెక్క నడుమ ఆమె కూర్చుని కూర్చుని అరిగిన పల్లం, కింద పచ్చి కొయ్య వాసన పోని కొత్త కాళ్లు.