తల తిప్పినా తిరగని బొట్టు

కాదే అమ్మలూ, నువ్వు సర్దకు. నేను చెప్పినట్టే రాయి.

ఆఁ. మీ పెద్ద తాతయ్య, మా అన్నయ్య, పోయిన కార్తీకంలో పోయాడు. ఊరందరికీ తెలుసు, పింఛనాఫీసుకి తప్ప. అన్నయ్య కొడుకు, మీ ప్రేమ్‌చంద్ బాబాయ్, చెప్పలా. గాలివానకి తోటలో కాయంతా రాలిపోయె. ఇక వాళ్ళ నాన్న టీచరు పింఛనే వాడికి దిక్కు.

బతికున్నట్టు ఏడాదికోసారి ఫోన్లో మొహం చూపించాలంట. మనింటికొచ్చి అన్నయ్య పటాన్ని ఫొటో తీసుకున్నాడు. "అద్దం మెరుస్తోంది, దించుతా పిన్నీ" అంటే మీ మామ్మ ఒప్పుకోలా. "ఏడాది తిరక్కుండా మేకు మీంచి దించకూడదురా" అంది. పొద్దున తను అద్దం మీద, నుదుటి దగ్గర పెట్టిన కుంకంబొట్టు అట్టాగే ఉంది. వాడు చూసుకోలా.

దాంతో కంప్యూటర్లో కదిలే మొహం చేశాడు. ప్రాణమున్న మొహం కాదని ఫోను ఒప్పుకోలేదంట. అప్పుడు ఆఫీసమ్మాయి వీడియో కాల్ పెట్టింది, ఇంట్లోవాళ్ళెవరైనా పక్కనుండాలని.

"ఊరికే కూర్చో బాబాయ్. ఊఁ అను చాలు" అన్నాడు నాతో. పాత వీడియో ఏదో చూపిస్తాడనుకున్నా.

ఒక గడిలో ఆ అమ్మాయి, ఒక గడిలో నేను. ఇంకో గడిలో అన్నయ్య వచ్చాడమ్మా.

"సార్, కళ్ళార్పండి" అంది. ఆర్పాడు.

"మాట్లాడండి సార్."

"గొంతు పోయింది మేడం" అన్నాడు ప్రేమ్‌చంద్, కంప్యూటర్ దగ్గర్నుంచి.

"పోనీ, నవ్వండి." నవ్వాడు. బతికుండగా ఎవరి మాట విన్నాడు గనక! డాక్టరు నోరు తెరవమంటే "ముందు నువ్వు తెరువు" అనేవాడు. ఇప్పుడు ఏది చెప్తే అది చేస్తున్నాడు.

"తల పక్కకి తిప్పండి సార్."

మొహం తిరిగింది. బొట్టు తిరగలా. ఉన్నచోటే, గాల్లో ఆగిపోయింది. చెంప వచ్చి దాని కింద నిలబడింది.

ఆ అమ్మాయి ముందుకి వంగి చూసింది. తర్వాత నన్నడిగింది, "తాతగారూ, పెద్దాయన మీ పక్కనే ఉన్నారాండీ?"

ఉన్నాడంటే వాడికి పింఛను. నాకు ఏడాదికోసారి అన్నయ్య కనపడతాడు. అదీ రాయి, ఆశపడ్డానని రాయి.

"లేడమ్మా, పోయాడు. ఆ బొట్టు మా ఇంట్లో పటానికి పెట్టింది" అన్నా.

ప్రేమ్‌చంద్ కంప్యూటర్ ఠపీమని మూసేశాడు. "మా నాన్నని మళ్ళీ చంపేశావు బాబాయ్" అని వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి ఫోనెత్తట్లా.

కళ్ళు మూస్తే ఆ మొహమే తిరుగుతోందమ్మా. భయమేస్తోంది. అయినా ఇంకోసారి చూడాలనుంది. నవ్వు మాత్రం అచ్చంగా అన్నయ్యదే.

వాడు ఫోనెత్తినప్పుడు ఇది చదివి వినిపించు. నాకు కోపం లేదన్న ముక్క ముందు చదువు. ఆ బొమ్మ తీసెయ్యమను. రేపు నేనే వెళ్ళి, ఒక్కసారి చూపించరా అని బతిమాలినా చూపించొద్దను.