ఐలేట్ మేడమ్

ఏలూరు పవర్‌పేట స్టేషన్లో రైలు ఆగేసరికి జ్ఞానప్రసూనాంబ చూపుడువేలు ఇంకా ఎడమ అరచేతిలో తిరుగుతూనే ఉంది. పక్కన పూలబుట్టతో కూర్చున్న ఆవిడకి ఇది రోజూ చూసేదే. "దిగరా అండీ? వచ్చేసింది," అంది. వేలు చివరి గీత ఒకటి గీసి ఆగింది. ప్రసూనాంబ సంచి భుజాన వేసుకుని దిగింది.

తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకి ముప్పై ఏళ్లుగా ఇదే ప్రయాణం. డిగ్రీ కాలేజీలో లెక్కల లెక్చరరు. సన్నటి మనిషి, నేత చీర, బిగించి చుట్టిన ముడి. సుద్ద పట్టీపట్టీ కుడిచేతి వేళ్ల కొసలు బీటలు వారి ఉంటాయి. స్టాఫ్ ఫోటోలో ఆవిడ ఎక్కడుందో వెతుక్కోవాలి. ఏ మీటింగులోనూ మాట్లాడదు. ఇంటిగ్రేషన్ మాత్రం అడిగితే చాలు, ఎలాంటిదైనా చేసేస్తుంది. ప్రతిక్షేపించాల్సినచోట ప్రతిక్షేపించి, ముక్కలు చేయాల్సినచోట ముక్కలు చేసి, చిక్కుపడ్డ దారాన్ని విడదీసినంత ఓర్పుగా విప్పుతుంది.

రెండు ఫంక్షన్లు గుణకారంలో ఉన్నప్పుడు ఏది ముందు పట్టుకోవాలో గుర్తుండడానికి పిల్లలు నేర్చుకునే ఐదు ఇంగ్లీషు అక్షరాల గుర్తు ఒకటుంది, ఐలేట్ అని. ఆవిడ దాన్ని ఎన్నిసార్లు చెప్పిందో ఏమో, పేరు అదే స్థిరపడిపోయింది. ఐలేట్ మేడమ్. ఒక్కరోజైనా ఆలస్యంగా రాని మనిషికి ఆ పేరు పెట్టినందుకు ప్రతి బ్యాచీ కొత్తగా నవ్వుకునేది. ఆవిడకి తెలుసు. ఏమీ అనుకునేది కాదు.

ఈ సెమిస్టరు మధ్యలో ఫిజిక్స్ చెప్పే ఫణీంద్ర కోచింగ్ సెంటర్లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. ప్రిన్సిపాల్ హేమంత్‌కుమార్ ఆవిణ్ని పిలిచి, "క్వాంటం మెకానిక్స్ యూనిట్ ఒక్కటే మిగిలిందండీ. అందులో ఉన్నవన్నీ మీ ఇంటిగ్రేషన్లే కదా. ఇంపార్టెంట్ క్వశ్చన్లు నాలుగు చెప్పి వదిలేయండి, పాసైపోతారు," అన్నాడు. ఆవిడ తలూపింది. ఎవరేం చెప్పినా తలూపడమే ఆవిడ అలవాటు.

మాథ్స్, ఫిజిక్స్ గ్రూపులో చేరేవాళ్లు తగ్గిపోయి పెద్ద గదిలో నాలుగు బెంచీలు కూడా నిండడం లేదు. ఆ రోజు ఆవిడ బోర్డు మీద రెండు నిలువు గీతలు గీసి, అవి పెట్టె గోడలని, వాటి మధ్య ఒక కణం ఉందని అనుకోమంది. పుస్తకంలో ఉన్నట్టే తరంగాన్ని రాసి, దాన్ని వర్గం చేసి, ఈ గోడనుంచి ఆ గోడదాకా ఇంటిగ్రేట్ చేసి, ఒకటికి సమానమని రాసింది.

"మేడమ్," అంది కుసుమ. పెదవేగి నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. తండ్రికి రెండెకరాల పామాయిల్ తోట. "అది ఒకటికే ఎందుకు సమానం అవ్వాలండీ?"

అలా ఇచ్చారమ్మా, చేయాలంతే. ఇన్నేళ్లుగా చెబుతున్న జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కుసుమ పెన్ను మూత పెట్టేసి కూర్చుని ఉంది.

"తెలీకుండా రాయడం నా వల్ల కావట్లేదండీ. ఎమ్మెస్సీ ఫిజిక్సే చేద్దామనుకున్నాను. ఇంక వద్దేమో అనిపిస్తోంది. నాన్నగారు బ్యాంకు పరీక్షలకి కట్టమంటున్నారు."

ప్రసూనాంబ బోర్డు వైపు తిరిగి తను రాసినదాన్ని చూసుకుంది. స్టెప్పులన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"నాకు తెలీదమ్మా," అంది. "రేపు చెప్తాను."

ఆవిడ నోట ఆ మాట వాళ్లెప్పుడూ వినలేదు. ఆవిడా ఎప్పుడూ అనలేదు.

స్టాఫ్ రూములో క్యారేజీ విప్పింది గానీ అన్నం సహించలేదు. ఎదురుగా ఉన్న పాత టేకు బల్ల మీదే ఒకప్పుడు పాండురంగారావు మాస్టారు సుద్దముక్కతో రాసేవారు. ఆయన ఫిజిక్స్. ఇంటిగ్రేషనంటే మహా బద్ధకం. పాఠం మధ్యలో ఇరుక్కుంటే నేరుగా వచ్చి, "ప్రసూనాంబగారూ, ఇది కాస్త చూడండి," అని బల్ల మీద రాసి నిలబడేవారు. ఆవిడ కిందనే జవాబు రాసి ఇచ్చేది. ఆయన అరచేత్తో తుడిచేసి పరుగులాంటి నడకతో వెళ్లిపోయేవారు. ఆ జవాబు దేనికని ఆవిడ ఏనాడూ అడగలేదు. రుబ్బి ఇచ్చిన పిండితో పొరుగింట్లో ఏం వండుకున్నారో అడగనట్టే.

ఆయన రిటైరై చాలా కాలమైంది. గుండుగొలనులో కొడుకింట్లో ఉంటున్నారు. ఊపిరితిత్తులు బాగోలేవని విని పోయినేడాదే చూసి వద్దామనుకుంది, కుదరలేదు. సాయంత్రం రైలుకి వెళ్లకుండా బస్టాండుకి నడిచింది. దారిలో ఇంటికి ఫోను చేసింది.

"ఏవండీ, రావడం కాస్త ఆలస్యమవుతుంది."

అవతల ఆవిడ భర్త శ్రీరామచంద్ర. కరెంటాఫీసులో పనిచేసి రిటైరై, ఇప్పుడు వంట ఆయనే చూస్తున్నాడు. "ఆలస్యమా? నీకా?" అన్నాడు. తర్వాత, "సరేలే, అన్నం వేడిగా ఉంచుతాను," అన్నాడు.

గుండుగొలనులో హైవే మీద దిగి, అడిగి ఇల్లు కనుక్కుంది. మాస్టారి కోడలు తులసి తలుపు తీసింది. లోపలిగదిలో ఆక్సిజన్ మెషీను బుసబుసమంటోంది. కిటికీ పక్క మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నారాయన. మనిషి సగమయ్యాడు. ముక్కు కింద సన్నటి గొట్టం. కళ్లు మాత్రం అవే.

"ఎవరూ? ప్రసూనాంబగారా!" ఆయన లేవబోయారు. "కాఫీ పెట్టమ్మా తులసీ. ఈవిడ లేకపోతే నా ఉద్యోగం లేదు."

ఆవిడ మంచం పక్కనున్న ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంది. ఆరోగ్యం సంగతి అడిగింది. ఆయన చేత్తో కొట్టిపారేశారు. "అది రోజూ ఉన్నదే. ఎందుకొచ్చారో చెప్పండి."

చెప్పింది. చెబుతుంటే సిగ్గుగా అనిపించింది. "ఒకటికి ఎందుకు సమానం అవ్వాలి మాస్టారూ?"

ఆయన గొట్టం సర్దుకుని కాసేపు ఊపిరి తీసుకున్నారు. "మీరు ఏలూరు నుంచి బస్సులో వచ్చారా? వేగం ఒకేలా ఉందా?"

"లేదండీ. దెందులూరు దగ్గర బాగా నెమ్మదించింది."

"ఏ క్షణానికి ఎంత వేగమో తెలిస్తే, చిన్న చిన్న ముక్కలు చేసి కలుపుకుంటూ పోతే, మీరు ఎక్కడున్నారో చెప్పేయొచ్చు. పాత మెకానిక్స్‌లో మీ ఇంటిగ్రేషన్ చేసే పని అది. బస్సు కచ్చితంగా ఫలానాచోట ఉందని చెబుతుంది." ఆయన ఆగి వంటింటి వైపు చెవి పెట్టారు. "ఇప్పుడు తులసి ఎక్కడుంది?"

"వంటింట్లో కదండీ?"

"నాకేం తెలుసు? మంచం మీంచి కనబడదు. వంటింట్లో ఉండే అవకాశం ఎక్కువ. పెరట్లో కొంచెం. వరండాలో ఇంకా కొంచెం. ఆ అవకాశాలన్నీ కలిపితే ఎంత రావాలి?"

ప్రసూనాంబ వంటింటి వైపు చూసింది.

"ఒకటి," అంది చివరికి. "ఇంట్లోనే ఉంది కాబట్టి."

"అంతే! ఆ తరంగాన్ని వర్గం చేస్తే ఏ చోట ఎంత అవకాశమో వస్తుంది. పెట్టె అంతా కలిపితే ఒకటి. ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి కదా."

"కానీ మాస్టారూ, తులసి నిజంగా ఒకచోటే ఉంది. మనకి తెలీదంతే."

ఆయన మొహం వెలిగిపోయింది. దగ్గు వచ్చింది. తగ్గేదాకా ఆగి, "అదీ తేడా! మంచి ప్రశ్న అడిగారు," అన్నారు. "ఎలక్ట్రాను విషయంలో ఆ మాట కూడా అనలేం. వెతికేదాకా ఒకచోట ఉందనడానికే లేదు. దాని గురించి మనం చెప్పగలిగినదంతా ఆ కూడికలోనే ఉంది. మరి ఆ కూడిక ఎవరు చెయ్యాలి? నాకు రాదాయె."

తులసి కాఫీ తెచ్చేసరికి ప్రసూనాంబ వేలు అరచేతిలో తిరుగుతోంది. సైన్ వర్గాన్ని విడదీస్తే కాస్ ముక్క సున్నా అయిపోతుంది, మిగిలేది సగం పెట్టె. ఈ లెక్క ఎన్ని వందలసార్లు చేసిందో! ఆ సగం ఒక కణాన్ని గదిలో నిలబెట్టే కొలత అని ఇప్పుడే తెలిసింది. ఉన్నట్టుండి ఇంకొకటి గుర్తొచ్చింది.

"ఒకసారి అదే సైన్ వర్గానికి ముందు ఎక్స్ పెట్టి తెచ్చారు. బై పార్ట్స్ చేసి ఇచ్చాను."

"అది సగటు చోటు. సగటున ఎక్కడ దొరుకుతుందీ అని. సరిగ్గా మధ్యలో వచ్చింది, గుర్తుందా?"

"మరి ఆ ఈ పవర్ మైనస్ ఎక్స్ స్క్వేరు? అది మామూలు పద్ధతులకి లొంగక, దాన్ని దానితోనే గుణించి, వృత్తంలోకి మార్చి చేశాను. రూట్ పై వచ్చింది."

"స్ప్రింగుకి కట్టిన కణం. అటూ ఇటూ ఊగేది. మీ జవాబుతోనే ఆ రోజు పాఠం పూర్తిచేశాను. పిల్లలు చప్పట్లు కొట్టారు." ఆయన ఆవిణ్ని చూశారు. "ఇవన్నీ దేనికని ఒక్కసారైనా అడగలేదేంటండీ?"

"మీరు చెప్పలేదు కదండీ."

ఇద్దరూ నవ్వారు. ఆయన నవ్వు దగ్గులోకి తిరిగితే తులసి వచ్చి వీపు నిమిరింది. ఇక వెళ్లొస్తానని ప్రసూనాంబ లేవబోతే మోకాలు సహకరించలేదు. మంచం కోడు పట్టుకుని లేచింది.

"ఆ స్ప్రింగు పాఠం రేపు చెప్పుకుందాం," అన్నారాయన. "క్లాసు ఎలా జరిగిందో కూడా వచ్చి చెప్పాలి."

"వస్తానండీ," అంది.

మర్నాడు క్లాసులో ఆవిడ పుస్తకం తెరవలేదు. కుసుమని లేపి, "మీ అమ్మగారు ఇప్పుడు ఎక్కడుంటారు?" అని అడిగింది. పిల్లలు మొహాలు చూసుకున్నారు. ఇంట్లోనో తోటలోనో ఉంటుందని కుసుమ చెప్పింది. అక్కడినుంచి మొదలుపెట్టి, నెమ్మదిగా గోడల మధ్యకి, తరంగంలోకి, ఆ ఒకటి దగ్గరికి తీసుకొచ్చింది. బెల్లు కొట్టినా ఎవరూ కదల్లేదు. కుసుమ పెన్ను మూత ఎప్పుడో తీసేసింది.

"అయితే మేడమ్, సగటున ఎక్కడ దొరుకుతుందో కూడా కట్టొచ్చా అండీ? ముందు ఎక్స్ పెట్టి చేస్తే?"

అడగకుండానే తర్వాతి మెట్టు ఎక్కేసింది. ప్రసూనాంబ సుద్దముక్క ఆ పిల్ల చేతికిచ్చి వెనక్కి జరిగింది. కుసుమ బోర్డు నింపింది. ఒకచోట గుర్తు తప్పు వేసి, తనే చూసుకుని దిద్దింది. జవాబు సరిగ్గా పెట్టె మధ్యలోకి వచ్చాక వెనక్కి తిరిగి నవ్వింది.

"నాన్నగారితో మాట్లాడతానండీ. ఎమ్మెస్సీ ఎంట్రన్సే రాస్తాను."

సాయంత్రం గుండుగొలనులో దిగుతుంటే ప్రసూనాంబ ఆ మాటలే ఎలా చెప్పాలో అనుకుంటోంది. ఇంటి గేటు తీసి ఉంది. వాకిట్లో చెప్పులు గుంపుగా ఉన్నాయి. మెషీను చప్పుడు లేదు.

ఆయన్ని వరండాలో పడుకోబెట్టారు. ముక్కు కింద గొట్టం తీసేశారు. తులసి కళ్లు తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది. "మధ్యాహ్నం కాస్త పెరుగన్నం తిని పడుకున్నారండీ. టీకి లేపుదామని వెళ్తే లేవలేదు. పొద్దున రెండుసార్లు అడిగారు, మేడమ్‌గారి క్లాసు అయిపోయి ఉంటుందా అని."

ప్రసూనాంబ ఆయన పక్కన నిలబడింది. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. చుట్టాల మాటల మధ్య ఎవరికీ వినబడనంత మెల్లగా చెప్పింది. "బాగా జరిగిందండీ. ఆ పిల్ల సగటు కూడా తనే కట్టింది. స్ప్రింగు నేను చూసుకుంటాను."

తర్వాత తులసి మంచినీళ్లు ఇవ్వడానికి లోపలికి తీసుకెళ్లింది. లోపలిగదిలో మంచం మీద పరుపు చుట్టేసి ఉంది.

"నిన్న స్టూలు మీంచి లేవడానికి మీరు ఇబ్బంది పడ్డారట. పొద్దున లేస్తూనే దాన్ని తీయించి ఇది వేయించారండీ," అంది తులసి.

మంచం పక్కన, కిటికీ వెలుగు పడేచోట, హాల్లోంచి తెచ్చిన పేము కుర్చీ ఉంది. నడుముకి ఆనేచోట ఉతికిన తువ్వాలు నాలుగు మడతలు పెట్టి వేసి ఉంది.